వేడెక్కిన వేలు మాట వినదు

మొయినాబాద్,
18 ఏప్రిల్ 2000.

అశ్వినీ,

నాకు ఉద్యోగం దొరికింది. నవ్వేముందు పూర్తిగా చదువు. కంప్యూటర్ ఉద్యోగం కాదు. వేళ్ల ఉద్యోగం.

చిన్న మంగళారం దారిలో మామిడితోట కొట్టేసి ఫారంహౌసు కట్టారు చూడు, దాన్ని ఒక రిటైరైన ప్రొఫెసర్ కిరాయికి తీసుకుని ల్యాబ్ పెట్టారు. అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు. ఈతకొలను కోసం తవ్విన గుంతలో నీళ్లకు బదులు వేపాకులున్నాయి. హాల్లో సోఫాలు ఉండాల్సిన చోట ఒక మంచం, దాని పక్కన ఒక మిషను. ఆ మిషనుకు బట్టలు ఆరేసే క్లిప్పులాంటిది తగిలించి ఉంటుంది. దాన్ని మనిషి వేలికి పెడితే లోపల చిన్న దీపం వెలిగి, వేలి కొసలో రక్తం ఎంత పారుతున్నదో పసిగడుతుంది. పక్కన కాగితం చుట్ట తిరుగుతూ ఉంటే దాని మీద పెన్ను గీత గీస్తూ పోతుంది.

ఇప్పుడు అసలు తమాషా విను. గట్టిగా ఒక గుక్క ఊపిరి పీల్చావనుకో, ఆ గీత జారి కిందికి పడుతుంది. వేలి కొసల్లోని సన్న రక్తనాళాలు ఉలిక్కిపడి ముడుచుకుంటాయన్నమాట. మనం చెప్పక్కర్లేదు, వాటంతటవే ముడుచుకుంటాయి. వెనక ఎవరైనా గిన్నె పడేసినా అంతే, చన్నీళ్లు తగిలినా అంతే. కానీ అదే చేతిని కాసేపు వేడినీళ్లలో ఉంచి మళ్లీ క్లిప్పు పెట్టు. ఊపిరి పీల్చు, గిన్నెలు పడేయి, గోడలు కూల్చు, గీత కదలదు. లోపల నరం "ముడుచుకో, ముడుచుకో" అని మొత్తుకుంటూనే ఉంటుందట. వేడెక్కిన వేలు మాట వినదు.

ఎండల్లో, గులాబీ తోటల ప్లాస్టిక్ పందిళ్లలో పనిచేసేవాళ్ల వేళ్లు ఎలా నడుచుకుంటాయో కనిపెట్టడం పెద్దసారు పని. ఊళ్లోవాళ్లను పిలుచుకొచ్చి క్లిప్పులు పెట్టడం, కాగితాలు సర్దడం నా పని. ఇంకొకటి కూడా ఉంది. రోజూ పొద్దున్నే మిషను సరిగ్గా ఉందో లేదో చూడటానికి ముందు నా వేలు పెట్టాలి, మీ నాన్న దుకాణం తెరవగానే తక్కెడ చూసుకున్నట్టు.

మా ఇంట్లో సంగతి తెలుసు కదా. బాపు అడిగిన మొదటి మాట, "అండ్ల కంప్యూటర్ ఉన్నదా?" ఉన్నది, దాని మీద గుడ్డ కప్పి ఉన్నది అన్నాను. మా తమ్ముడు శ్రీశైలం అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నాడు కాబట్టి ఇప్పుడు ఇంట్లో వాడి మాటే చట్టం. "అక్కా, నీ డిగ్రీల చెట్లు, కప్పలే ఉన్నయి. సాఫ్ట్‌వేర్ల కప్పలకు స్కోప్ లేదు" అన్నాడు. చివరికి బాపు, "శ్రావణం దాక చేస్కో. అటెంక కోర్సుల చేరుడే" అని తేల్చేశాడు. పెద్దసారు మాత్రం, పని నచ్చితే శాశ్వతంగా ఉంచుకుంటానన్నారు. అశ్వినీ, నాకు ఇక్కడే ఉండాలని ఉంది. మనుషుల లోపల ఏం జరుగుతుందో గీతలో కనిపించే చోటు వదిలి, అమీర్‌పేట మెట్ల మీద క్యూలో నిలబడటం నా వల్ల కాదు.

ఇంకొకాయన కూడా ఉన్నాడు. డాక్టరు ధనరాజ్. ఈ పరిశోధన మీదే ఆయన థీసిస్. తాండూరు వాళ్లట, మీవాళ్లే అనుకుంటా.

ఫోన్ చేయమనకు. మీ ఫోన్ బెల్లం డబ్బా పక్కనే ఉంటుంది, ఉప్పు కొనడానికి వచ్చినవాళ్లంతా మన మాటలు విని పోతారు. ఉత్తరమే రాయి.

నీ ఉమ

*

చేవెళ్ల,
26 ఏప్రిల్.

ఏమే ఉమారాణీ,

వేళ్ల ఉద్యోగమా! మా నాన్నకు చెప్తే, "మరి మొత్తం చెయ్యి పెడితే ప్రమోషన్ ఇస్తరా?" అన్నాడు. నవ్వి నవ్వి శనగపప్పు బదులు పెసరపప్పు తూచి ఇచ్చాను. కొన్నామె ఇంటికి పోయి వండుకున్నాక తిట్టింది.

నీ ఉత్తరంలో ఒక లోటు ఉంది. ఈతకొలనులో వేపాకుల గురించి రాశావు, మిషను గురించి పేజీ నింపావు, ఆ డాక్టరుకు మాత్రం రెండు ముక్కలేనా? బస్సులో పక్కసీటు మనిషి చెప్పులు చూసి అతని అత్తగారి గుణం చెప్పే పిల్లవు నువ్వు! నాకిక్కడ పప్పులూ ఉప్పులూ తప్ప కాలక్షేపం లేదు కాబట్టి అడుగుతున్నాను. భోజనం ఎలా చేస్తాడు? తిన్న కంచం తనే తీస్తాడా, లేక దొరలాగ లేచిపోతాడా? పనివాళ్ల మీద అరుస్తాడా? వాళ్లమ్మ ఫోన్ చేస్తే ఎలా మాట్లాడతాడు?

ఊరికే అడుగుతున్నాలే. మనిషిని బొమ్మ గీసినట్టు రాస్తావని.

పొద్దున మనం కాలేజీకి ఎక్కే బస్సు పోతుంటే చూశాను. అందులో సగంమంది చిలుకూరు గుడి దగ్గర దిగి వీసా కోసం ప్రదక్షిణాలు చేసేవాళ్లే. మనం ఏ కోరికా లేకుండా ఆ బస్సులో మూడేళ్లు తిరిగాం చూడు, ఎంత వెర్రివాళ్లం.

అశ్విని

*

మొయినాబాద్,
20 మే.

అశ్వినీ,

నీ ప్రశ్నలు పరీక్ష పేపర్లా ఉన్నాయి. అయినా రాస్తాను, ఎండకు బయటికి పోయే దారి ఎలాగూ లేదు.

భోజనం: జొన్నరొట్టె, పల్లీల పొడి. రొట్టెను తుంచే ముందు దాని వైపు ఒకసారి చూస్తాడు, అనుమతి అడుగుతున్నట్టు. కంచం తనే తీస్తాడు. మా అటెండరు ప్రేమదాసు ముసలాయన, ఆయనది కూడా ఇతనే కడుగుతాడు. ప్రేమదాసుకు అది నచ్చదు. "నా కొలువు మీరు చేస్తె నన్ను తీసేస్తరు సారూ" అని గొణుగుతాడు. అరవడమా? హాల్లోకి కోళ్లు వస్తే వాటిని కూడా "జర పక్కకు జరుగుండ్రి" అంటాడు. కోళ్లు జరగవు. ఆయనే పక్కనుంచి పోతాడు. వాళ్లమ్మ ఫోన్ చేస్తే "అట్లనే అమ్మా, అట్లనే అమ్మా" తప్ప ఇంకో మాట ఉండదు. ఒక్కోసారి ఆవిడ ఫోన్ పెట్టేశాక కూడా అంటూనే ఉంటాడు. రెండు కాళ్లకు రెండు రంగుల మేజోళ్లు. టీ గ్లాసు ముందు చెంపకు ఆనించుకుని, "ఇంక జరసేపు" అని కింద పెట్టేస్తాడు, చల్లారిపోయాక తాగుతాడు, చల్లారిందని నొచ్చుకుంటాడు. రాసేటప్పుడు నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుంటాడు. చిన్నపిల్లల్లాగ.

మొన్న గులాబీ తోట నుంచి ఆడవాళ్లు వచ్చారు. ముందు వరసలో ఎంకమ్మ అవ్వ. డాక్టరు గారు వంగి, "అవ్వా, నీ చెయ్యి జర నాకిస్తవా?" అన్నారు. ఎంకమ్మ చేతులు రెండూ కొంగు కింద దాచుకుని, "ఈ వయసుల నా చెయ్యి అడుగుతున్నవా కొడుకా? ఇంట్ల మా ముసలాయన ఉన్నడు, ఆయనను అడిగిరా పో" అంది. వచ్చినవాళ్లంతా ఒకటే నవ్వు. ఈయన చెవులు పండుమిరపకాయలయ్యాయి. ఎంకమ్మే జాలిపడి, "ఇగో పట్టుకో, మల్ల ఇడువాలె" అని చెయ్యి ఇచ్చింది. క్లిప్పు పెడుతుంటే ఆయన చేసిన పని చూశాను. ముందు ఆ క్లిప్పును తన అరచేతిలో పట్టుకుని దాని చల్లదనం పోగొట్టి, అప్పుడు ఆమె వేలికి పెట్టారు.

మిషనుకు మాత్రం ఏదో అయింది. పొద్దున నా వేలు పెట్టి ఊరికే కూర్చుంటానా, ఊపిరి పీల్చకముందే గీత జర్రున జారుతోంది. "ఇప్పుడు మీరు ఊపిరి పీల్చిండ్రా?" అంటారు. లేదంటాను. కాగితం మీద ఆ చోట ప్రశ్నార్థకం పెడతారు. కాగితం నిండా ప్రశ్నార్థకాలే, కొడవళ్ల దుకాణంలా. హైదరాబాద్ నుంచి మెకానిక్‌ను పిలుస్తున్నారు.

నీ ఉమ

*

చేవెళ్ల,
29 మే.

ఉమా,

నాలుగు ప్రశ్నలకు మూడు కాగితాలు రాశావు. డిగ్రీ పరీక్షల్లో ఇలా రాసుంటే నీకు ఫస్టు క్లాసు వచ్చేది.

బాగుంది. కానీ ఇంత మంచితనం నాకు నమ్మకం కుదరదు. బస్తా పైన పోసిన బియ్యం ఎప్పుడూ మంచివే ఉంటాయి, చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి తీస్తేగానీ అసలు రకం తెలియదు. అందుకని ఒక పని చెయ్యి. ఏదైనా పాడుచెయ్యి. ఆయనకు ఇష్టమైనదాని మీదే నీళ్లు ఒలికించు. కోపం వచ్చినప్పుడు ఎలా ఉంటాడో చూసి రాయి. పెళ్లి గురించి ఎప్పుడైనా మాట్లాడాడా? తాండూరులోనే ఉండిపోతాడా, పట్నం పోతాడా, ఆ సంగతి కూడా కనుక్కో.

ఎందుకని అడగకు. కాలక్షేపం అన్నాను కదా.

అశ్విని

*

మొయినాబాద్,
19 జూన్.

అశ్వినీ,

ఒలికించాను. నీళ్లు కాదు, సిరా. వారం రోజుల గీతల మీద. ఆయన ఆ కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూసి, "ఫికర్ చెయ్యకుండ్రి, గీతలు కనబడుతున్నయి. మీ చీర మీద పడలేదు కద?" అన్నారు. పో, నీ బస్తా అడుగున కూడా అవే బియ్యం. పెళ్లి గురించీ ఊరి గురించీ నేనడగలేదు. ఎలా అడుగుతానే?

ఇక ఇది నీకొక్కదానికే రాస్తున్నాను, చదివి పొయ్యిలో వేసేయి.

మెకానిక్ వచ్చాడు. తన వేలు పెట్టుకుని చూశాడు, గీత తిన్నగా ఉంది. ప్రేమదాసు వేలు, తిన్నగా ఉంది. నా వేలు పెట్టాడు, అదీ తిన్నగానే ఉంది. ఇంతలో డాక్టరు గారు మెకానిక్ కోసం టీ పట్టుకుని లోపలికొచ్చారు. గీత జర్రున జారింది. మెకానిక్ పెన్ను వైపు చూశాడు, డాక్టరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మళ్లీ పెన్ను వైపు చూశాడు. స్క్రూలు బిగించి, టీ తాగి, "మిషన్ మంచిగున్నది డాక్టర్ సాబ్" అన్నాడు. స్కూటరు ఎక్కబోతూ నా దగ్గరికొచ్చి నేల చూపులు చూస్తూ, "మేడం, మిషన్ల అయితే ఏం తప్పు లేదు" అని నవ్వుకుంటూ పోయాడు.

ఆ రోజంతా నేను కాగితం చుట్టలు తిరగేశాను. పెద్దసారు వచ్చినప్పుడు గీత కదల్లేదు. ప్రేమదాసు గిన్నె పడేసినప్పుడు కొంచెం కదిలింది. ప్రశ్నార్థకం ఉన్న ప్రతిచోటా వచ్చింది ఆయనే. వరండాలో ఆయన చెప్పుల చప్పుడు వినిపించగానే, మనిషి కనిపించకముందే నా వేలు ముడుచుకుంటోంది. నాకు తెలియకముందే నా వేలికి తెలిసిపోయింది అశ్వినీ. సిగ్గేసింది. ఆ గీత ఆయన చేతిలోనే ఉంటుంది, రోజూ దాన్ని స్కేలుతో కొలుస్తారు!

మర్నాటి నుంచి ఒక ఉపాయం పట్టాను. క్లిప్పు పెట్టే ముందు వంటగదిలో వేడి వేడి టీ స్టీలు గ్లాసును అరచేతుల మధ్య, వేళ్లన్నీ ఆనేలా పట్టుకుని కూర్చుంటాను. చెయ్యి కాలుతుంది. కానీ ఆ తర్వాత ఆయన వచ్చినా, పోయినా, పక్కన కూర్చున్నా గీత రోడ్డు రోలరు పోయినట్టు సాపుగా ఉంటుంది.

చిక్కేమిటంటే మరీ సాపుగా ఉంది. గట్టిగా ఊపిరి పీల్చమన్నారు, పీల్చాను, కదల్లేదు. మళ్లీ పీల్చమన్నారు. కదల్లేదు. ఆయన మొహం మారిపోయింది. "మీకు వేళ్లు మొద్దుబారుతున్నయా? తిమ్మిర్లు గిట్ల?" అన్నారు. టీ గ్లాసు సంగతి చెప్పలేక, "అప్పుడప్పుడు" అనేశాను.

ఏం చెయ్యాలో చెప్పు. వెంటనే రాయి.

ఉమ

*

చేవెళ్ల,
27 జూన్.

ఉమా,

ఉత్తరం అందింది. దుకాణంలో పని ఎక్కువగా ఉంది. కొన్నాళ్లు రాయలేను. ఆరోగ్యం జాగ్రత్త.

అశ్విని

*

మొయినాబాద్,
11 జూలై.

అశ్విని గారికి,

దుకాణంలో అంత పనుంటే సంతోషం. నా ప్రాణం అరచేతిలో పెట్టి నీకు పంపితే కరెంటు బిల్లుకు రసీదు ఇచ్చినట్టు మూడు ముక్కలు రాశావు. నేనేం తప్పు చేశానో చెప్పి అలగొచ్చు కదా. అయినా రాస్తున్నాను, ఇంకెవరికి చెప్పుకోను.

నాకు నరాల జబ్బు ఖాయమైంది.

ధనరాజ్ గారు పట్నం నుంచి లావుపాటి పుస్తకాలు తెచ్చుకుని, తిండి మానేసి చదివారు. పోయిన ఆదివారం స్కూటరు మీద నేరుగా మా ఇంటికే వచ్చారు. బాపుకు నమస్కారం పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, "మీరు పరేషాన్ కాకుండ్రి. ఉమారాణి గారి చేతి నరాలు జర సరిగ్గ పనిచేస్తున్నట్టు లేవు" అన్నారు. అంతే. అమ్మ చాట అక్కడే పడేసి, "అయ్యో నా బిడ్డ నరాలు సచ్చిపోయినయట!" అని అందుకుంది. పక్కింటి బాలనర్సమ్మ గోడ మీదనుంచి తొంగి, "మా ఆడిబిడ్డకు గిట్లనే అయితె కోడిగుడ్డు దిగదుడిచి పారేసినం" అంది. శ్రీశైలం, "అక్కా, ఒక్కసారి పడుకుని లెవ్వు, రీస్టార్ట్ అయితది" అన్నాడు. బాపు మాత్రం నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, సంతలో కొన్న నాగలికర్ర చూసినట్టు. తర్వాత, "రేపటి సంది ఆ మిషన్ల ఏలు పెట్టుడు బంద్" అన్నాడు. అది విన్నాక నాకు టీ గ్లాసు తలచుకుంటే ఏడుపొచ్చింది.

పెద్దసారు ఇంకో మాట అన్నారు. నరాలు బాగుంటేనే నా గీతను నమ్మగలరట, లేకపోతే ఇంకో అమ్మాయిని చూసుకుంటారట. ఈ నెలాఖరున ఆఖరి పరీక్ష. అందులో గీత జారితే ఉద్యోగం ఉంటుంది, బాపు కుదుటపడతాడు. కానీ ఊపిరి పీల్చినప్పుడు జారే వేలు ఆయన్ని చూసినప్పుడు కూడా జారుతుంది. ఒకటి కావాలంటే రెండోది దాచలేను.

భయపడి ఒక పిచ్చిపని చేశాను. ఆషాఢం కదా, ఎవరూ అడగరని, మైదాకు నూరి వేళ్ల కొసలకు టోపీల్లా మందంగా పెట్టుకుని, రాత్రంతా ఉంచుకుని, మళ్లీ మర్నాడు కూడా పెట్టుకున్నాను. ఎర్రగా కాదు, నల్లగా పండింది. క్లిప్పులో దీపం ఆ రంగు దాటి చూడలేక, పెన్ను పిచ్చిగీతలు గీసింది. గెలిచాననుకున్నాను. ధనరాజ్ గారు నా వేళ్లను చూసి, "మంచిగ పండింది" అన్నారు. తర్వాత ఎంతో ధైర్యం చెబుతున్నట్టు, "ఫికర్ చెయ్యకుండ్రి. కాలి బొటనవేలు ఉన్నది కద. దానితోని చూద్దాం" అన్నారు.

కాలికి మైదాకు పెట్టుకోవడం మరిచిపోయాను. కాలితో టీ గ్లాసు ఎలా పట్టుకోవాలో నువ్వైనా చెప్పు.

ఉమ

*

చేవెళ్ల,
17 జూలై.

ఉమా,

నీకు నన్ను తిట్టడానికి సరైన కారణం ఇస్తున్నాను. నువ్వు అనుకున్నది చాలా చిన్నది.

ధనరాజ్ మా సుమిత్రమ్మ అత్త కొడుకు. మా నాన్నకు సొంత మేనల్లుడు, నాకు మేనబావ. ఉగాది నుంచి మా ఇంట్లో నాకూ అతనికీ మాట నడుస్తోంది. ఎప్పుడో చిన్నప్పుడు ముక్కు కారుతుంటే చూసిన మనిషి, ఇప్పుడెలా ఉన్నాడో అడగాలంటే అందరూ చుట్టాలే, అందరూ బంగారమనే అంటారు. సరిగ్గా అప్పుడు నీ మొదటి ఉత్తరం వచ్చింది. దేవుడే నా కోసం మనిషిని లోపలికి పంపాడనుకున్నాను. నిన్ను అడిగిన ప్రశ్నలన్నీ అందుకే. చెబితే నువ్వు నా మొహం చూసి మెరుగులు దిద్ది రాస్తావని చెప్పలేదు. అది తప్పు.

జూన్‌లో నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మండింది. అతని కోసం అని అబద్ధం చెప్పను. నేను బేరం చేస్తూ పక్కన పెట్టిన సరుకును ఇంకొకరు చేతిలోకి తీసుకుంటే మండుతుంది చూడు, ఆ మంట. అందుకే ఆ రసీదు రాశాను. తర్వాత నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివాను. క్లిప్పును అరచేతిలో వెచ్చబెట్టి ముసలమ్మ వేలికి పెట్టాడని రాశావే, అక్కడ నాకు, ఓహో మంచివాడే అనిపించింది, అంతే. దుకాణంలో కొత్త తక్కెడ వస్తే నాకు అంతకంటే ఎక్కువ సంతోషం కలుగుతుంది. ఆ వాక్యం రాసేటప్పుడు నీ అక్షరాలు మాత్రం వేరేగా ఉన్నాయి.

అందుకని నాన్నతో వద్దన్నాను. సుమిత్రమ్మ అత్త తాండూరు నుంచి జీపు కట్టించుకుని దిగింది.

"ఏమే, నా కొడుకుల ఏం వంక పెడుతున్నవు?"

"వంక ఏం లేదత్తా. గదే నా పరేషాన్. ఒక్క వంక లేని మనిషితోని నేను ఏమని కొట్లాడాలె?"

"మరి నీకేం కావాలెనే?" అన్నాడు నాన్న.

"గల్లా కాడ కుర్చీ" అన్నాను.

అత్త నన్ను పైనుంచి కిందికి చూసి, "దీనికి పెండ్లి కాదురా తమ్ముడూ, దుకాణం జెయ్యి" అంది. నాన్న ఆ రోజంతా లెక్కల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. పొద్దున చూస్తే గల్లా పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చునే రాస్తున్నాను.

సంబంధం అనుకున్నప్పుడు ధనరాజ్ ఏమన్నాడని అత్తను అడిగాను. "అట్లనే అమ్మా" అన్నాడట. సంబంధం లేదని ఫోన్ చేస్తే ఏమన్నాడట? "అట్లనే అమ్మా." నీ గీత గురించి కూడా అంతే చురుగ్గా ఉంటాడు, నువ్వు నోరు విప్పకపోతే ప్రశ్నార్థకాలు పెట్టుకుంటూ ముసలివాడైపోతాడు.

అత్త సంగతి నాకు వదిలేయి. ఆమె ముందు అరుస్తుంది, తర్వాత తింటుంది, తర్వాత ఒప్పుకుంటుంది. నువ్వు మాత్రం దాచడం ఆపు. నోటితో చెప్పు.

నన్ను తిట్టే ఉత్తరం వేరే కవరులో పంపు. దాచుకుంటాను.

నీ అశ్విని

*

మొయినాబాద్,
29 జూలై.

ఒసేయ్ దొంగా,

తిట్లు తర్వాత. ముందు ఇది చదువు.

నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. మూడుసార్లు "ధనరాజ్ గారూ" అన్నాను, మూడుసార్లూ ఆయన తిరిగి "చెప్పుండ్రి" అన్నాడు, మూడుసార్లూ కాగితం చుట్ట అయిపోయిందని చెప్పాను. మూడు కొత్త చుట్టలు తెచ్చిపెట్టాడు పాపం.

నిన్ననే పరీక్ష. టీ ముట్టుకోలేదు. కాళ్లు చల్లటి నీళ్లతో కడుక్కుని, మంచం మీద కూర్చుని, బొటనవేలికి క్లిప్పు పెట్టించుకున్నాను. పెద్దసారు ఎదురుగా కుర్చీలో. "పీల్చమ్మా" అన్నారు. పీల్చాను. గీత ఎంత ముచ్చటగా జారిందని! ఇంకోసారి పీల్చాను, ఇంకోసారి జారింది. "ఈ పిల్ల నరాలు దివ్యంగా ఉన్నాయయ్యా ధనరాజ్, నీ అనవసరపు హడావిడితో ఇంట్లోవాళ్లను హడలగొట్టావు. అమ్మాయీ, నువ్వు ఇక్కడే ఉంటున్నావు" అని పెద్దసారు భోజనానికి వెళ్లిపోయారు. ఉద్యోగం దక్కింది. నేను క్లిప్పు తీసుకోబోయాను.

"ఆగుండ్రి," అన్నాడు ధనరాజ్. ఊపిరి పీల్చకముందు కూడా గీత రెండుచోట్ల జారింది. ఆ రెండుచోట్లా ఆయన కన్ను పడింది. "ఇది ఎందుకైతున్నదో తెలియాలె. చప్పుడా?"

బయటికెళ్లి చెప్పులు విడిచి, పిల్లిలా లోపలికొచ్చాడు. గీత జారింది.

"చప్పుడు కాదు. వాసన అయితది. తలకు కొబ్బరినూనె పెట్టిన." పెరట్లోకి పోయి నల్లా కింద తల కడుక్కుని, నీళ్లు కారుతూ వచ్చాడు. గీత ఇంకా కిందికి జారింది. ఆ అవతారం చూస్తే జారదా మరి?

"తెల్లకోటు! డాక్టరును చూస్తె శానామందికి భయమైతది." కోటు విప్పి ప్రేమదాసుకు తొడిగాడు. తన చెప్పులు కూడా వేయించాడు. "తాతా, నా లెక్క నడిచి రా." ప్రేమదాసు చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుని, పెళ్లికొడుకులా నడిచొచ్చి నా నాడి కూడా పట్టుకున్నాడు. గీత నిద్రపోయింది.

"ఇప్పుడు నేను వస్త." కోటు లేదు, చెప్పులు లేవు, నూనె లేదు. తడి తల, రెండు రంగుల మేజోళ్లు. గుమ్మంలో నిలబడ్డాడు. గీత జర్రుమంది.

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. ప్రేమదాసు నడిచిన చోటు చూశాడు, తను నడిచిన చోటు చూశాడు. నాలుక కొస పళ్ల మధ్యకు వచ్చింది, మళ్లీ లోపలికి పోయింది.

"కారణం నేనా?"

"మీరే."

"ఎప్పటిసంది?"

"మెకానిక్ రాకముందు నుంచి."

"మరి నడుమ గీత సాపుగ ఉండె కద? ఊపిరి పీల్చినా..."

"క్లిప్పు పెట్టే ముందు టీ గ్లాసు పట్టుకున్నాను. వేడిగా."

"మైదాకు?"

"అదీ అందుకే."

ఆయన మంచం పక్క స్టూలు మీద కూలబడ్డాడు. "నేను నెలరోజులు నరాల పుస్తకాలు చదివిన," అన్నాడు. "నాకు తిండి పోలేదు. మీకు ఏమన్న అయితదేమో అని." అక్కడ ఆగిపోయాడు. తనేమన్నాడో తనకే వినిపించినట్టుంది.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. క్లిప్పు నా కాలికి తీసి, తుడిచి, అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబెట్టాను. "మీ చెయ్యి ఇవ్వండి" అన్నాను. తువ్వాలుతో తుడుచుకుని ఇచ్చాడు. వేలికి పెట్టి, పోయి దూరంగా కిటికీ దగ్గర నిలబడ్డాను. గీత తిన్నగా పోతోంది. ఎంతసేపు చూసినా తిన్నగానే. నా గుండె జారింది అశ్వినీ, దానికి మిషను అక్కర్లేదు. ఇక లాభం లేదని క్లిప్పు తీసేయడానికి ఆయన దగ్గరికి నడిచాను. రెండడుగుల దూరంలో ఉన్నానేమో, పెన్ను కిందికి దిగింది.

అదే క్షణంలో కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది, కూలరు ఆగింది, కాగితం ఆగింది. పెన్ను కిందనే ఉండిపోయింది. నా వల్ల దిగిందా, కరెంటు పోయి పడిందా? ఏడవాలో నవ్వాలో తెలియక, "కరెంటు పోయినందుకే పడి ఉంటుందిలెండి" అన్నాను.

ఆయన కాగితం మీదకు వంగాడు. వేలికి క్లిప్పు అలాగే ఉంది. స్కేలు తీసి గీత పక్కన ఆనించాడు. తర్వాత తలెత్తకుండా, ఎప్పుడూ మాట్లాడే ఆ మెల్లటి గొంతుతోనే అన్నాడు.

"కరెంటు పోతే కాగితం ఆగిపోతది. ఆగిన కాగితం మీద పెన్ను పడితే గీత నిలువుగ ఉండాలె. ఇది వాలుగ దిగింది ఉమారాణి గారూ. కాగితం నడుస్తున్నప్పుడే దిగింది." స్కేలు పక్కన పెట్టాడు. "కరెంటు పోకముందే."

బయట కొలను గుంతలో వేపాకులు కదులుతున్న చప్పుడు హాల్లోకి వినిపిస్తోంది. మేమిద్దరం ఆ చిన్న వాలుగీతను చూస్తూ ఉండిపోయాం.

అప్పుడు మా వెనక, మేమిద్దరం పూర్తిగా మరిచిపోయిన ప్రేమదాసు, తెల్లకోటులో చెమటలు కక్కుతూ, గొంతు సవరించుకుని అడిగాడు.

"సారూ, ఇగ నేను కోటు ఇప్పొచ్చునా?"

నీ ఉమ